పది నిమిషాల ఒడి

ఉదయం ఎనిమిది గంటలకు, పసిపిల్లలను పగలంతా చూసుకునే చిగురుగూడు గుమ్మం దగ్గర నీళ్ళ చప్పుడు మొదలైంది. ఇరవై ముగ్గురు పిల్లలు వరసగా నిలబడి, ఒక్కొక్కరే ముందుకు వచ్చి, పొట్టి అరుగు మీద ఉన్న గాజు పళ్ళెంలో చేతులు ముంచుతున్నారు. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. వేళ్ళు విప్పి నిమిషం సేపు కదలకుండా ఉంచాలి. కదలకుండా ఉండటం ఏ ఇద్దరికో తప్ప చేతకాదు. మిగిలినవాళ్ళు చిందించిన నీళ్ళతో మేదిని చీర కుచ్చిళ్ళు అప్పటికే తడిసిపోయాయి. ఆమెకు అదీ బాగానే ఉంది. పెళ్ళై నెల కూడా కాలేదు. ఈ మధ్య ఆమెకు ఏం జరిగినా బాగానే ఉంటోంది.

పళ్ళెం అడుగున ఉన్న పలక మనిషి చెవికి అందని సన్నని ధ్వనిని నీళ్ళలోకి పంపుతుంది. చర్మం పొరలకు తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బొమ్మగా మార్చి గోడ మీద చూపిస్తుంది. దాన్ని వినిచూపు అంటారు. నడిపేవాళ్ళను వినిచూపరులు అంటారు; మేదిని ఇక్కడి వినిచూపరి. పసిపిల్లల చర్మం ఆ గోడ మీద పూతరేకు పొరల్లా కనిపించేది. నాలుగేళ్ళుగా చూస్తున్నా ఆ బొమ్మంటే మేదినికి ముచ్చట తీరలేదు.

సముద్రం ఊళ్ళ మీదికి వచ్చాక జనం మెరకపేటకు ఎక్కారు. స్తంభాల మీద అంతస్తుల్లా కట్టిన ఇళ్ళలో గదికి ఎనిమిది మంది పడుకున్న రోజులవి. గజ్జి పురుగు అప్పుడు చెలరేగింది. కంటికి ఆనని ఆ పురుగు చర్మం కింద సన్నని సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. దురద మొదలయ్యేసరికి నెల దాటిపోతుంది. ఈలోగా అది ఒడి నుంచి ఒడికి పాకుతుంది. మూడు తరాలు పూసిన పూతమందులు దాని మీద పనిచేయడం మానేశాయి. గోకి గోకి పుళ్ళు పడిన పసిచేతులను మేదిని చిన్నప్పుడు చూసింది. ఆరేళ్ళ క్రితం వినిచూపు వచ్చింది. సొరంగం తవ్విన రెండో రోజుకే అది పురుగును పట్టుకుంటుంది. అదే పలక ధ్వనిని ఒక్క బిందువు మీదికి పోగుచేసి పురుగును అక్కడికక్కడే చంపుతుంది. దాన్ని ధ్వనిసూది అన్నారు గానీ గుచ్చుకునేది ఏమీ ఉండదు. పిల్లలకు చక్కిలిగింత పెట్టినట్టు ఉంటుంది. ఇప్పుడు మెరకపేటలో ఐదేళ్ళలోపు పిల్లలకు దురద అనే మాట తెలియదు.

జాజి వంతు వచ్చింది. రెండున్నరేళ్ళ పిల్ల. ఒడిలో కూర్చోబెట్టుకుంటే తప్ప నీళ్ళలో చేతులు పెట్టదు. ఆయా అప్పాయమ్మ ఆ పిల్లను తన చంక నుంచి మేదిని ఒడిలోకి దించింది. మేదిని తన చేతులతో ఆ చిన్ని చేతులు పట్టుకుని నీళ్ళలో ముంచింది. ఆమె ముంజేతుల నిండా పెళ్ళి నాటి ఎర్రగాజులు. నీళ్ళలో అవి గలగలమంటే జాజి కూడా కిలకిలమంది.

వినిచూపరుల చేతులు మోచేతి దాకా బోసిగా ఉండాలన్నది నియమం. కానీ పర్యవేక్షకురాలు పద్మలోచన గారు మేదిని పెళ్ళి తర్వాత పనికి వచ్చిన తొలిరోజునే ఆ నియమాన్ని పక్కన పెట్టారు. కొత్త పెళ్ళికూతురు, శ్రావణంలో పుట్టింటివాళ్ళు కొత్త గాజులు వేయించేదాకా చేతులు బోసిగా ఉండకూడదు, కడుక్కుంటే సరిపోతుందిలే అన్నారు.

అప్పాయమ్మ మాత్రం ఒకసారి ఆ గాజుల వంక అదోలా చూసింది.

"మేదినమ్మా, ఆ గాజులు ఓపాలి తీసి కడుక్కోరాదా?" అంది.

"తీయకూడదు కదా అప్పాయమ్మా. నీకు తెలియనిదా?"

"తెల్సు. అయినా సెప్తన్నాను."

మేదిని నవ్వేసింది. పెద్దవాళ్ళు కొత్త పెళ్ళికూతుళ్ళకు ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు.

గోడ మీద బొమ్మలో, జాజి చూపుడు వేలికీ మధ్యవేలికీ నడుమ, పూతరేకు పొరల మధ్య ఒక నల్లని దారం కనిపించింది. దారం కొసన తెల్లగా మెరిసే చిన్న రవ్వ.

ఆ రెండు వారాల్లో అది ఏడో కేసు.

*

పురుగు దొరికితే వినిచూపు మరో పని కూడా చేస్తుంది. పిల్లల చొక్కాకు ఒక గుర్తుపూస ఉంటుంది. తల్లికీ, తండ్రికీ, ఆయాకూ మణికట్టున ఒకటి ఉంటుంది. ఎవరు ఎవరిని ఎంతసేపు ఎత్తుకున్నారో ఆ పూసలు గుర్తుపెట్టుకుంటాయి. సొరంగం పొడవును బట్టి పురుగు ఏ రోజు ఎక్కిందో తెలుస్తుంది. ఆ రోజుల్లో ఆ బిడ్డను ముట్టుకున్నవాళ్ళ పేర్లు, ఎక్కువసేపు ఎత్తుకున్నవాళ్ళతో మొదలై, స్పర్శపట్టికగా గోడ మీద దిగుతాయి. వినిచూపరులకు పూస లేదు. పలకకు ఇవతల కూర్చునేవాళ్ళను లెక్కపెట్టాలని దాన్ని తయారుచేసినవాళ్ళకు తోచలేదు.

ఏడు పట్టికల్లోనూ మొదటి పేరు అప్పాయమ్మదే. అందులో వింతేమీ లేదు. ఏడ్చిన బిడ్డ ఏడ్పు ఆగేదాకా ఆమె చంక దిగేది కాదు. జ్వరం వచ్చిన పిల్లలు ఆమె భుజం మీదే పగలంతా నిద్రపోయేవారు. జాజికైతే ఆమె మెడ మడతలో ముక్కు పెట్టుకోనిదే కునుకు పట్టదు. అంతసేపు ఎత్తుకునేవాళ్ళ పేరు పట్టికలో పైన కాక ఇంకెక్కడ ఉంటుంది? ఆ ప్రశ్న అప్పుడు ఎవరూ అడగలేదు. మేదిని కూడా అడగలేదు.

సాయంత్రం పిల్లలను తీసుకెళ్ళడానికి తల్లులు వచ్చిన వేళ అప్పాయమ్మను పళ్ళెం ముందు నిలబెట్టారు. ఆమె తన రెండు గాజులూ తీసి అరుగు మీద పెట్టింది. చేతులు నీళ్ళలో ఉంచి వేళ్ళు విప్పింది. వినిచూపును పసిచర్మం కోసం శ్రుతి చేశారు. యాభై ఏళ్ళు పనిచేసిన చేతుల మీద ధ్వని తడబడింది. బొమ్మ మసకగా వచ్చింది. వేళ్ళ సందుల్లో సన్నని గీతలు ఉన్నాయి. అవి సొరంగాలు కావచ్చు, పాత మచ్చలు కావచ్చు.

"సిన్నప్పుడు తుపాను కేంపులో నాకు గజ్జొచ్చింది. ఆ మచ్చలవి," అంది అప్పాయమ్మ. తల్లులు వినేలా కాదు, మేదినికి మాత్రమే వినపడేలా.

మేదిని ముందు మూడు మీటలు ఉన్నాయి. లేదు, తేలలేదు, అనుమానం. తేలలేదు అని నొక్కితే మరో అరగంట కూర్చుని, శ్రుతి మార్చి, ఒక్కో వేలూ మళ్ళీ చూడాలి. గేటు బయట ఆమె భర్త కౌశిక్ వచ్చి నిలబడ్డాడు. అతను సముద్రం మీద తేలే నాచుతోటలో పనిచేస్తాడు. వారంలో ఐదు రోజులు అక్కడి తెప్ప మీదే ఉంటాడు. ఆ రోజే ఒడ్డుకు వచ్చాడు. చేతిలో తాటాకు పొట్లం ఉంది. ఆ సంవత్సరం చివరి తాటిముంజలు. వేడెక్కిపోతాయని దూరం నుంచే సైగ చేశాడు.

మేదిని అనుమానం అన్న మీట నొక్కింది.

అనుమానం అంటే నేరం కాదు కదా, నాలుగు రోజులు ఇంట్లో ఉండి వస్తుంది అనుకుంది. ఒకసారి అనుమానం పడిన ఆయా పేరు మెరకపేటలోని అన్ని చిగురుగూళ్ళ జాబితాల్లోంచి తొలగిపోతుందని ఆమెకు తెలుసు. శిక్షణలో చదివింది. ఆ నిమిషాన అది గుర్తు తెచ్చుకోలేదు. గుర్తు తెచ్చుకోలేదని అనుకోవడం కూడా అబద్ధమేనని ఆమెకు తరువాత తెలిసింది.

అప్పాయమ్మ గాజులు తొడుక్కుని, జాజి తల దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళి, మధ్యలో ఆపేసి, వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ముంజలు చల్లగా, నోట్లో వేసుకోగానే నీరై, ఎంతో బాగున్నాయి.

*

ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు ఆ నెల అత్తింట ఉండకూడదు కనుక మేదిని సెలవు పెట్టి పాలకొండలో పుట్టింటికి వెళ్ళింది. సముద్రాలు ఊళ్ళను మింగినా ఆషాఢం ఆచారాన్ని మాత్రం ఏదీ కదల్చలేకపోయింది. కౌశిక్ రోజూ సాయంత్రం గోడతెర మీద కనిపించి, తెప్ప చుట్టూ ఎగిరే చేపలను చూపించేవాడు. మాట్లాడుతూ మోచేతులు గోక్కునేవాడు.

"ఉప్పు దురద. మా తెప్ప మీద గోక్కోనివాడు ఉంటే వాడు ఆ రోజే వచ్చాడని లెక్క," అని నవ్వేవాడు.

మేదిని వాళ్ళమ్మ రాజ్యం పెరటి చెట్టు నుంచి గోరింటాకు కోసి, రుబ్బి, కూతురి చేతులకు మణికట్టు దాకా పెట్టింది. పండిన చేతులు చూసుకుని మేదిని పొద్దంతా మురిసింది. నాలుగు రోజులకు వేళ్ళ సందుల్లో దురద మొదలైంది. ఆకు వేడి చేసిందని అమ్మ వెన్న రాసింది. రాత్రిళ్ళు గాజుల కింద మరీ ఎక్కువగా ఉండేది. గాజులు కొత్తవి కదా అనుకుంది.

నెలాఖరున పద్మలోచన గారి నుంచి కబురు వచ్చింది. చిగురుగూటిలో ఇరవై ఎనిమిది రోజులుగా ఒక్క పురుగూ లేదట. అప్పాయమ్మ వెళ్ళిన మర్నాటి నుంచి ఒక్కటీ దొరకలేదట. మూలాన్ని సకాలంలో పట్టుకున్నందుకు మేదిని పేరుతో పైనుంచి మెప్పుపత్రం వస్తోందట. రాజ్యం ఆ కబురు వీధిలో నాలుగు ఇళ్ళకు చెప్పివచ్చింది. అప్పాయమ్మ వెళ్ళిన మర్నాడే తనూ వెళ్ళిందన్న సంగతి మేదిని మనసులోకి రానేలేదు.

శ్రావణంలో తిరిగి పనిలో చేరేసరికి చిగురుగూడు కొంత మారింది. కొత్త ఆయా సుకన్య శుభ్రమైన మనిషి. జాగ్రత్త ఎక్కువ. పదిహేను నిమిషాలు ఒంటికి ఒళ్ళు ఆనితే పురుగు పాకగలదు కనుక ఏ బిడ్డనూ పది నిమిషాలకు మించి ఎత్తుకోరాదని కొత్త నియమం వచ్చింది. పది నిమిషాలు కాగానే సుకన్య మణికట్టు పూస పిచ్చుకలా కిచకిచమంటుంది. ఆమె "అయిపోయింది" అని బిడ్డను కింద దించుతుంది. ఆమె తప్పేమీ లేదు. పట్టికలో పేరు పైకి పోతే ఏమవుతుందో ఆమె విన్నది.

జాజి మేదిని ఒడిలో కూర్చుని చేతులు నీళ్ళలో ముంచింది. పని కాగానే తనంతట తానే దిగి, పెద్దమనిషిలా చేతులు దులుపుకుని, "అయిపోయింది" అంది.

మేదినికి ముద్దొచ్చింది. సాయంత్రం కౌశిక్‌కు ఆ మాట అదే గొంతుతో చేసి చూపించింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

*

తొమ్మిదో రోజున జాజి వేళ్ళ సందున మళ్ళీ నల్లని దారం కనిపించింది. మర్నాడు మరో ఇద్దరికి.

స్పర్శపట్టికలో ఈసారి మొదటి పేరు జాజి తల్లి హైమది. సుకన్య అందరికన్నా కింద ఉంది. హైమ ఉప్పుమడుల్లో ఉప్పు ఎత్తే పని నుంచి నేరుగా వచ్చింది. చేతులు పళ్ళెంలో పెట్టింది. బొమ్మ మసకగా వచ్చింది. మేదిని ఈసారి తేలలేదు అని నొక్కి, మళ్ళీ మళ్ళీ చూసి, ఏమీ లేదని చెప్పింది. హైమ వినిపించుకోలేదు.

"నా వల్లే అయ్యుంటది మేడమ్. రాత్రిళ్ళు పక్కలో పడుకోబెట్టుకుంటన్నాను కదా. ఈ రోజు నుంచి దానికి వేరే చాప వేసేస్తాను," అని గోడ వంకే చూస్తూ చెప్పి వెళ్ళింది.

ఆ సాయంత్రం రాజ్యం కూతురితో మాట్లాడుతూ మామూలు కబుర్ల మధ్య ఒక మాట అంది. "నువ్వు వెళ్ళాక నాకూ పట్టుకుందే ఈ దురద. వేళ్ళ సందుల్లోనే."

"గోరింటాకు పడలేదేమో అమ్మా."

"నేనెక్కడ పెట్టుకున్నానే? నీకు పెట్టడంతోనే ముద్దంతా అయిపోయింది."

మేదిని తరువాత ఏం మాట్లాడిందో ఆమెకే గుర్తులేదు.

మర్నాడు పిల్లలు రావడానికి గంట ముందే వెళ్ళింది. తలుపు వేసుకుంది. సబ్బు నురగ పెట్టి గాజులు ఒక్కొక్కటే జార్చి తీసింది. గాజుల కింద, గోరింటాకు ఎరుపు వెలిసిన చోట, వరసగా సన్నని పొక్కులు ఉన్నాయి. చేతులు నీళ్ళలో ముంచింది. ఆమె మణికట్టు లోపలి చర్మం లేతది. ధ్వని తడబడలేదు. గోడ మీద నల్లని దారాలు ఒకటి, మూడు, ఆరు కనిపించాయి. ప్రతి దారం కొసనా తెల్లని రవ్వ.

ఆమె చేతులు బయటికి తీయలేదు. నీళ్ళు చల్లారేదాకా అలాగే ఉంచి, ఆ చేతులతో ఏమేం పట్టుకుందో తలుచుకుంది. పిల్లల చేతులు ఒక్కో వేలూ తుడవడం ఆమెకు ఇష్టం. జాజి నెత్తి మీద గడ్డం ఆనించి కూర్చోవడం ఇష్టం. అవన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. ఇప్పుడు అవి గుర్తుకు రావడమే అసహ్యంగా అనిపించింది. ముంజల రుచి కూడా గుర్తుకొచ్చింది.

నివేదిక తెరిచింది. పురుగు ఎవరి నుంచి అన్నచోట తల్లి, తండ్రి, తోబుట్టువు, ఆయా, తోటి బిడ్డ అని ఐదు గడులు ఉన్నాయి. వినిచూపరి అన్న గడి లేదు. పేరు టైపు చేయబోతే ఈ పేరు స్పర్శపట్టికలో లేదు అని వచ్చింది. మూడుసార్లు ప్రయత్నించింది. మూడుసార్లూ అదే.

పద్మలోచన గారు వచ్చి గోడ మీది బొమ్మ చూసి తలుపు మళ్ళీ వేశారు. పెద్దల ఆసుపత్రికి వెళ్ళి గుట్టుగా ధ్వనిసూది వేయించుకోమన్నారు. కౌశిక్‌కూ వేయించమన్నారు. లేని గడిని తానెక్కడి నుంచి తేగలనన్నారు.

"గాజులు ఉంచుకోమన్నది నేనే. ఆ తప్పు నాది, కాదనను," అన్నారు చివరికి. "కానీ మేదినీ, చూసే మనిషికే పురుగుందని తెలిస్తే రేపు ఏ తల్లి ఈ నీళ్ళలో బిడ్డ చేతులు పెట్టనిస్తుంది? అప్పాయమ్మ సంగతి అయిపోయింది. ఇంత మంది పిల్లల సంగతి ఆలోచించు."

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే మేదినికి అది మరీ బరువుగా తోచింది.

ఆ రోజే పెద్దల ఆసుపత్రిలో ఇద్దరికీ రెండు గంటలపాటు ధ్వనిసూది వేశారు. వీపు, నడుము, మోచేతులు, ఏదీ వదల్లేదు. బయటికి వచ్చాక కౌశిక్, ఉప్పు దురదని తెప్ప మీద అందరం నవ్వుకునేవాళ్ళం కదా అన్నాడు. పాలకొండలో అమ్మకు కూడా కబురు పంపారు.

*

అప్పాయమ్మ ఇల్లు మెరకపేట అడుగు అంతస్తులో ఉంది. పోటు వేళ కెరటాల తుంపర గుమ్మం దాకా వస్తుంది. మేదిని వెళ్ళేసరికి ఎండ ఇంకా ఉంది. ఆమె గుమ్మంలో కూర్చుని నాచు తాళ్ళ చిక్కులు విప్పుతోంది. మేదినిని చూసి తాళ్ళు పక్కకు జరపలేదు.

"అప్పాయమ్మ గారూ," అంది మేదిని.

"గారేటి కొత్తగా?"

మేదిని నిలబడే చెప్పింది. గాజులు తీసి చూసుకున్న సంగతి, దారాల సంగతి, గడి లేని సంగతి. మీట నొక్కిన సంగతీ చెప్పింది, ముంజల మాటతో సహా. అప్పాయమ్మ చిక్కు విప్పడం ఆపలేదు.

"నాకు తెల్సు," అంది.

"ఎప్పటి నుంచి?"

"జాజిని ఎత్తుకుంటన్నప్పుడు నీ గాజులు కిందకి జారినాయి. పొక్కులు వరసగా ఉన్నాయి. ఆ వరస నాకు తెల్దా? కేంపులో నా ఒంటి నిండా అయ్యే. నీ పలక కంటే ముందు నా కళ్ళు సూసినాయి."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

అప్పాయమ్మ అప్పుడు తలెత్తింది. "సెప్పినాను గదా. గాజులు తీసి కడుక్కో అని. నువ్వు నవ్వినావు." తాడు ఒకటి బలంగా లాగింది. "ఇంకెలా సెప్పాలి? నువ్వు మా ఈదిలో పిల్లవైతే సెయ్యట్టుకుని పంపు కాడికి ఈడ్సుకుపోదును. మీట నీ సేతిలో ఉంది. మీట ఉన్నోళ్ళకి నీకు గజ్జుంది అని సెప్పిన ఆయా ఎక్కడైనా ఉందా? అలాగని నేనేదో నీ మీద పేమతో ఊరుకున్నానని అనుకోకు. భయపడి ఊరుకున్నాను. ఆళ్ళ పిల్లలకి అంటతందని తెల్సీ ఊరుకున్నాను. ఆ సిగ్గు నాకూ ఉంది."

మేదిని గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. తుంపర ముఖాన పడుతోంది. తిరిగి రమ్మని అడిగే హక్కు తనకు లేదని తెలిసీ అడిగింది.

"నన్నెక్కడ నిలబెట్టినావు?" అంది అప్పాయమ్మ.

"పళ్ళెం ముందు."

"ఎవరు సూసేరు?"

"తల్లులందరూ."

అప్పాయమ్మ విప్పిన తాడు చుట్ట చుట్టి పక్కన పెట్టింది. మేదినికి అర్థమైంది.

*

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి తల్లులు పిల్లలను దిగబెట్టి వెళ్ళబోతుంటే మేదిని ఒక్క నిమిషం ఆగమంది. చేతులు బోసిగా ఉన్నాయి. కొత్త పెళ్ళికూతురి బోసి చేతులు చూసి ఇద్దరు ముగ్గురు ముఖముఖాలు చూసుకున్నారు. ఆసుపత్రిలో పురుగులన్నీ చచ్చాయి గానీ సొరంగాలు పూడటానికి కొన్నాళ్ళు పడుతుంది. ఆమె చేతులు నీళ్ళలో ముంచి వేళ్ళు విప్పింది. నల్లని దారాలన్నీ గోడ మీదికి వచ్చాయి.

"ఇవి నావి. మీ పిల్లలకు పురుగు నా నుంచి వచ్చింది. అప్పాయమ్మ నుంచి కాదు. నేను సరిగా చూడకుండా అనుమానం అని రాశాను," అంది.

ఎవరూ అరవలేదు. ఒక తల్లి తన బిడ్డను ఎత్తుకుని వెనక్కి వెళ్ళిపోయింది. మరొకామె ఇన్నాళ్ళూ మా మీద చెప్పారు కదమ్మా అని నెమ్మదిగా అంది. మేదిని చేతులు నీళ్ళలోంచి తీయకుండా తల వంచుకుని నిలబడింది. పద్మలోచన గారు దూరం నుంచి చూశారు. చాలాసేపటికి దగ్గరికి వచ్చి, తువ్వాలు మేదిని ముందు పెట్టి వెళ్ళారు.

ఆ తరువాత పన్నెండు రోజులకు అప్పాయమ్మ పేరు జాబితాలోకి తిరిగి వచ్చింది. గడి లేకపోయినా తల్లులందరూ వేలిముద్రలు వేసి కాగితం పంపారు. దాన్ని రాసింది మేదిని. ఆమె ఇప్పుడు పలక దగ్గర లేదు. ఆ పని సుకన్య నేర్చుకుంటోంది. మేదిని పక్కన నిలబడి నేర్పుతుంది. సుకన్య కూర్చునే ముందు రోజూ తన చేతులు ముందుగా నీళ్ళలో పెడుతుంది. పది నిమిషాల నియమం కూడా ఎత్తేశారు. పూసలు కిచకిచమనడం ఆగిపోయింది.

అప్పాయమ్మ వచ్చిన ఉదయం పిల్లలు ఆమెను చూసి కేకలు పెడతారని మేదిని అనుకుంది. కేకలు లేవు. నలుగురైదుగురు దగ్గరికి వచ్చి చూసి, బొమ్మల దగ్గరికి వెళ్ళిపోయారు. జాజి మాత్రం నిలబడి చూస్తోంది. అప్పాయమ్మ నేల మీద కూర్చుని చేతులు చాచింది. కాసేపటికి జాజి వచ్చి ఒడిలో కూర్చుంది. ఇంకాసేపటికి ఆమె మెడ మడతలో ముక్కు పెట్టుకుంది. కళ్ళు మూతపడుతున్నాయి. మేదిని దూరం నుంచి చూస్తోంది. అప్పాయమ్మ ఒంటి చేత్తో ఆ వీపు మీద నెమ్మదిగా తట్టడం మొదలుపెట్టింది.

ఏ పూసా మోగలేదు. అయినా జాజి కళ్ళు తెరిచింది. అప్పాయమ్మ భుజం మీద చేతులు ఆనించి, తన ఒంటిని ఆమె నుంచి దూరంగా నెట్టుకుంది. ఏడవలేదు. అలగలేదు. రోజూ చేసే పనే చేస్తున్నట్టు ఉంది ఆ ముఖం.

"దింపు," అంది. "అయిపోయింది."

"అవనేదమ్మా, ఇంకా సేనాసేపు ఉంది," అంది అప్పాయమ్మ.

జాజి ఆమె ముఖంలోకి కాసేపు చూసి, ఒడి దిగి, చేతులు దులుపుకుని, ఒక్కతే వెళ్ళి తన చాప మీద పడుకుంది.